అసలుతో సరిచూశాను

"ఆదివారం ఆఫీసు తెరిచి ఉంటే నేను వెళ్ళనా తల్లీ? ఫీజు శనివారమే కట్టేశాను. ఇదిగో రసీదు. కొత్త పర్మిట్టు మూడు రోజుల్లో చేతికిస్తామన్నారు."

కౌంటరుకు అవతల నిలబడ్డ లారీలావిడ ఈ మాట మూడోసారి చెబుతోంది. ఆమెకు రెండు లారీలున్నాయి. ఒకటి ఆమే తోలుతుంది. ఆ లారీ పర్మిట్టు గడువు నిన్నటితో తీరిపోయింది. నిన్న ఆదివారం.

కౌంటరుకు ఇవతల కూర్చున్నామెను ఆఫీసులో అందరూ టిక్కులమ్మ అంటారు. ప్రభుత్వ ధాన్యం మోయడానికి టెండరు వేసే లారీల కాగితాలు సరిచూడడం ఆమె పని. పర్మిట్టు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, డ్రైవరు లైసెన్సు, ఛాసిస్ నంబరు అచ్చు. బండికి ఐదు గడులు. ఐదు గడుల్లోనూ టిక్కు పడితే "అసలుతో సరిచూశాను" అన్న ముద్ర కొట్టి, కింద పొట్టి సంతకం పెడుతుంది. ఒక్క గడి తప్పినా ఎర్ర సిరాతో అడ్డగీత.

ఆమె రసీదు పట్టుకుని సూపరింటెండెంటు బల్ల దగ్గరకు వెళ్ళింది. ఆయన తల ఎత్తలేదు.

"రసీదు పర్మిట్టవుతుందా? శుభలేఖ చూపించి పెళ్ళయిపోయింది అంటే ఒప్పుకుంటామా?" పక్క బల్లలవాళ్ళు నవ్వేదాకా ఆగాడు. "రూలు రూలే. గీత కొట్టు."

తిరిగి వచ్చేసరికి లారీలావిడ ఛాసిస్ అచ్చులు రెండూ కౌంటరు మీద పరిచి చూసుకుంటోంది. ఆమె చేతులు మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి. లారీ అడుగున ఇనప దూలం మీద నంబరు పొడిచి ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే చుట్టూ నల్లగా, నంబరు మాత్రం తెల్లగా పడుతుంది. ఆ కాగితం ముక్కే అచ్చు. మిగతా నాలుగు కాగితాలు ఎక్కడైనా పుట్టొచ్చుగానీ, ఇది మాత్రం బండి దగ్గరకు వెళ్ళి నేల మీద పడుకుంటే తప్ప రాదు.

"నేనే రుద్దాను తల్లీ. చూడు, ఒక్క అంకె కూడా చెదరలేదు."

నిజంగానే చెదరలేదు. టిక్కులమ్మ నాలుగు గడుల్లో టిక్కులు పెట్టి, మొదటి గడిలో ఎర్రగీత కొట్టింది. కొట్టేటప్పుడు ఎప్పటిలాగే భయాలు మొదలయ్యాయి. ఈవిడ ఇప్పుడు కళ్ళు తిరిగి పడిపోతుందేమో, ఎవరినైనా వెంటబెట్టుకొచ్చి గొడవ చేస్తుందేమో, రేపు ఏ పేపర్లోనో తన పేరు వస్తుందేమో. లారీలావిడ అదేమీ చెయ్యలేదు.

"అందరికీ ఇంతేనా?" అంది.

"అందరికీ ఇంతేనండీ."

"అయితే సరే. అందరికీ ఇంతే అయితే నాకు బాధ లేదు."

కాగితాలు ఏ వరసలో ఉన్నవి ఆ వరసలో మడిచి, కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చేతిసంచీ వచ్చాడు. పెద్ద కాంట్రాక్టరు తరఫు మనిషి. చంకలో నల్ల సంచీ లేకుండా అతణ్ణి ఎవరూ చూడలేదు. స్నానానికి వెళ్ళినా అది చంకలోనే ఉంటుందని ఆఫీసులో జోకు. అతను కౌంటరు దగ్గర నిలబడడు. పక్క తలుపులోంచి లోపలికొచ్చి కాగితాల కట్ట నేరుగా ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఇరవై రెండు బండ్లు. చెయ్యి పీకుతుంది, ముందే చెబుతున్నా టిక్కులమ్మగారూ."

"అన్నీ జిరాక్సులే. అసళ్ళేవీ?"

"వస్తాయి. కిందటేడూ ఇంతే కదా? మీరు ముద్ర కొట్టేశారు, నేను వారం తర్వాత అసళ్ళు తెచ్చాను."

"తెచ్చారా?"

"తేలేదా?" అని నవ్వాడు.

ఆమెకు గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం చూసి ఆమెకే భయమేసింది. అతను సంచీ ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "మీ అబ్బాయి బాగా తోలుతున్నాడండీ. పెద్దాయనకు తెగ నచ్చేశాడు."

మూడు నెలల క్రితం ఈ బల్ల దగ్గరే, మా వాడికి ఏదైనా బండి ఇప్పించండి అని అతణ్ణి అడిగింది ఆమే. అందుకని ఇప్పుడు నవ్వవలసి వచ్చింది. నవ్వింది.

అతను వెళ్ళాక కట్ట విప్పింది. మూడున్నర దాకా టిక్కులు వరసగా పడిపోయాయి. తొమ్మిదో బండి అచ్చు దగ్గర చెయ్యి ఆగింది. మూడో అంకెకు అడ్డంగా ఒక సన్నటి గీత ఉంది, ఇనుముకు రాయి తగిలి పడ్డ గీతలాగా. అదే గీత ఇందాక ఇంకెక్కడో చూసింది. వెనక్కి తిప్పింది. ఐదో బండికి ఉంది. ముందుకు తిప్పింది. పదమూడుకు, పద్నాలుగుకు, పంతొమ్మిదికి, ఇరవైకి ఉంది. ఆరు బండ్లు. ఆరు దూలాలకూ ఒకే చోట, ఒకే వాలులో రాయి తగిలిందా?

అచ్చులు ఆరూ తీసి బల్ల మీద పేర్చింది. కట్ట మొత్తంలో జిరాక్సు కానివి అచ్చులు మాత్రమే. కాగితం వెనక్కి తిప్పి, కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమింది. రుద్దిన చోట అంకె వేలికి తగులుతుంది. మొదటి అంకెలన్నీ తగిలాయి. చివరి నాలుగూ ఉన్నచోట కాగితం నున్నగా ఉంది. ఆ నాలుగూ రుద్దినవి కావు, గీసినవి. పిల్లలు బొమ్మ చుట్టూ రంగు నింపినట్టు, అంకె చుట్టూ నలుపు నింపారు.

ఒక మంచి బండి కిందకు దూరి ఆరు కాగితాలు రుద్దుకుని, తోకలు మార్చేశారన్నమాట. అంటే ఆ ఆరు బండ్ల ఫిట్‌నెస్ కాగితాలు ఎవరివి? వాటి బ్రేకు ఎవరైనా తొక్కి చూశారా?

ఆమె ఆరు రిజిస్ట్రేషను నంబర్లూ తెల్ల కాగితం మీద రాసింది. నాలుగో నంబరు రాస్తుండగా పెన్ను ఆగింది. అది కొడుకు తోలే బండి. ఆ నంబరు ఇంట్లో క్యాలెండరు మీద ఉంది, ఫోనులో ఉంది, పర్సులో చీటీ మీద ఉంది. ఏదైనా జరిగితే ఎవరినైనా అడగడానికి ఉండాలి కదా అని తనే రాసి పెట్టుకుంది.

*

మంగళవారం పొద్దున్నే ఆ ఆరు అచ్చులూ సూపరింటెండెంటు ముందు పెట్టింది.

"ఇవి ఆరూ ఒకే బండివి సార్. చివరి నాలుగంకెలూ చేత్తో గీశారు. వెనక తడిమి చూడండి."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, తీశాడు. తడమలేదు.

"నీ చదువెంత?"

"పది సార్."

"పది చదివి, ఫిట్‌నెస్ ఇచ్చిన ఇన్‌స్పెక్టరుకే పాఠం చెబుతావా? చూడమ్మా, నీ పని కాగితం ఉందో లేదో చూడడం. ఉందా?"

"ఉంది."

"టిక్కు పెట్టు."

"నిన్న ఆ లారీలావిడ దగ్గర రసీదున్నా గీత కొట్టించారు. ఒక్క రోజు సార్. అదీ ఆదివారం."

"ఆవిడ దగ్గర కాగితం లేదు. వీళ్ళ దగ్గరుంది. ఇంత చిన్న విషయం అర్థం కాదా?"

అర్థమైంది. బండి ఉండి కాగితం లేని మనిషిని బయటికి పంపాలి. కాగితం ఉండి బండి లేనివాడికి కుర్చీ వెయ్యాలి. ఇన్నేళ్ళుగా తను టిక్కులు పెడుతున్నది దీనికా? మామూలుగా ఇలాంటప్పుడు ఆమెకు ఏడుపొస్తుంది. ఈసారి రాలేదు. ఎందుకు రాలేదా అని కాస్త కంగారుపడింది కూడా.

"గురువారం పదకొండింటికి టెండరు తెరుస్తారు. పదింటికల్లా నీ రిపోర్టు నా బల్ల మీద ఉండాలి," అన్నాడాయన. తర్వాత గొంతు మెత్తగా చేసుకున్నాడు. "నీ కాంట్రాక్టు కూడా ఈ నెలాఖరుకేగా? రెన్యువల్ ఫైలు నా దగ్గరే ఉంది. మీ వాడు కూడా వాళ్ళ బండి మీదే ఉన్నాడట. నీ మంచికే చెబుతున్నా."

బల్ల దగ్గరకొచ్చి పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది. ముల్లు విరిగిపోయింది. మళ్ళీ చెక్కింది. చెక్కుతూ చెక్కుతూ, పెన్సిలు సగమయ్యాక ఆపింది.

*

బుధవారం రెండు గంటలు పర్మిషను పెట్టి లారీల అడ్డాకు వెళ్ళింది. పర్సులో పెన్సిలు, పల్చటి కాగితాలు ఉన్నాయి. కొడుకు టైరు మీద నిలబడి ముందద్దం తుడుస్తున్నాడు. తల్లిని చూసి దిగిపోయాడు.

"ఏంటమ్మా, నువ్విక్కడికొచ్చావేంటి? ఎవరైనా పోయారా?"

"నోటికి మంచి మాట రాదురా నీకు?"

"నువ్వు ఫోను చేసేదే ఎవరో పోయారని చెప్పడానికి కదా," అని నవ్వాడు. పక్క బండి డ్రైవర్లు కూడా నవ్వారు. "అన్నం తెచ్చిందిరా అమ్మ, తిని పడుకో," అన్నాడొకడు.

"ఛాసిస్ నంబరు ఎక్కడుంటుంది?"

"నీకెందుకది?"

"ఎక్కడుంటుందో చెప్పరా."

ముందు చక్రం వెనక చూపించాడు. ఆమె మోకాళ్ళ మీద కూలబడి, తల లోపలికి పెట్టింది. నూనె వాసన. అతని చేతిలో గుడ్డ లాక్కుని మట్టి తుడిచింది. కాగితం పెట్టి, ఎడమ చేత్తో నొక్కిపట్టి పెన్సిలు రుద్దింది. నల్లబడిందిగానీ ఏమీ పడలేదు. ఇంకో కాగితం పెట్టింది. ఈసారి పక్కపక్కనే సన్నటి చారలు పడ్డాయి, ఆకురాయితో రాకిన చారలు. వాటి మధ్య రెండు అంకెలు సగం సగం తేలాయి. ఫైల్లో ఉన్న నంబర్లో ఆ రెండూ లేవు.

"పాత బండి అమ్మా. అరిగిపోయి ఉంటుంది."

"ఇనుములో పొడిచింది దానంతటది అరగదు నాన్నా. ఎవరో అరగదీయాలి." లేచి నిలబడింది. "బ్రేకెలా ఉంది?"

"బాగానే ఉంది."

"నా మొహం చూసి చెప్పు."

"రెండుసార్లు తొక్కితే పడుతుంది," అన్నాడు, పక్కింటి మొండి పిల్లాడి సంగతి చెబుతున్నట్టు. "నాకు అలవాటైపోయింది."

"కొండ దిగేటప్పుడు రెండోసారి తొక్కే టైముంటుందా?"

"మొదలెట్టావా? నాకు జలుబు చేస్తే న్యుమోనియా అన్నావు. సైకిలు కొనిస్తే కాలు విరుగుతుందన్నావు. విరిగిందా? నీ కళ్ళకు అన్నీ చావులే." క్యాబిన్లోకి చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కవరొకటి తీశాడు. అందులోంచి మడతలు నలిగిన కాగితం బయటికి లాగాడు. "ఇదిగో, చూడు. చెక్‌పోస్టులో ఎవడాపినా ఇదే చూపిస్తా. చూడగానే గేటెత్తేస్తారు. ఇది ఎవరి సంతకం?"

ప్రభుత్వ సరుకు మోయడానికి కిందటేడు ఇచ్చిన అనుమతి కాగితం అది. కింద ఊదారంగు ముద్ర. అసలుతో సరిచూశాను. దాని కింద, చివర కొక్కెంలా తిరిగిన పొట్టి సంతకం.

"ఎక్కిన మొదటి రోజే చూశా. మా అమ్మ చూసి పాస్ చేసిన బండిరా అని అందరికీ చెప్పా. నువ్వు చూసిన బండికి నువ్వే భయపడితే ఎలా?"

ఆమె కాగితం రెండు చేతులతో పట్టుకుంది. తేదీ చూసింది. ఆ రోజు ఏం చేసిందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తుండేటంత పని ఏదీ చెయ్యలేదు. కట్ట వచ్చింది, ముద్ర కొట్టింది, ఇంటికెళ్ళింది. అంతే. రెండు రోజుల నుంచి లోపల మండుతున్నదంతా, సూపరింటెండెంటు మీదా, చేతిసంచీ మీదా, ఎప్పుడూ కనిపించని ఆ పెద్ద కాంట్రాక్టరు మీదా ఎగసిందంతా, ఒక్కసారి వెనక్కి తిరిగి తన వైపు చూసింది.

"రేపు ఈ బండి ఎక్కకు."

"రేపు మధ్యాహ్నం లోడుంది. కొండ అవతల గిడ్డంగికి."

"ఎక్కకురా. నీకు దణ్ణం పెడతాను."

"నేను ఎక్కకపోతే ఇంకొకడు ఎక్కుతాడు. వెనక ఐదుగురున్నారు, తాళాల కోసం," అన్నాడు. కాగితం ఆమె చేతిలోంచి జాగ్రత్తగా తీసుకుని, అదే మడతల మీద మడిచి కవర్లో పెట్టుకున్నాడు.

*

గురువారం ఆఫీసు ఊడుస్తుండగానే వచ్చి కూర్చుంది. రిపోర్టు ఫారం తీసింది. పదహారు బండ్లకు "అసళ్ళు చూపలేదు" అని రాసింది. ఆరు బండ్లకు ఐదో గడిలో ఎర్రగీత కొట్టి, ఎందుకో పక్కన రాసింది. అడ్డాలో రుద్దిన కాగితం పిన్ను పెట్టి జతచేసింది. ఇరవై రెండు వరసలయ్యాక కింద ఒక వరస ఖాళీగా మిగిలింది. దాన్ని కాసేపు చూసింది. ఉద్యోగం పోతుంది. కేసు పెడతారు. పోలీసులు ఇంటికొస్తారు. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకొచ్చి చూస్తారు. ఎప్పుడూ జరగబోయే ఘోరాలు ఊహించుకుని వణికే మనిషికి, ఇవన్నీ ఇప్పుడు ఎంత చిన్నగా ఉన్నాయో ఆశ్చర్యం వేసింది.

ఆ వరసలో బండి నంబరు రాయవలసిన చోట "సరిచూసిన గుమాస్తా" అని రాసింది. "కిందటేడు ఈ ఆరు బండ్లలో ఒకదాని కాగితాలకు అసళ్ళు చూడకుండా ముద్ర కొట్టాను. మిగతావాటి సంగతి గుర్తు లేదు," అని పక్కన రాసి, ఐదు గడులకూ కలిపి ఎర్రగీత కొట్టింది.

రిపోర్టు సూపరింటెండెంటు బల్ల మీద పెట్టలేదు. తపాలు సెక్షనుకు తీసుకెళ్ళింది. బయటి నుంచి వచ్చే ఉత్తరాలకు నంబరు వేసే చోటు అది. ఆ రిజిస్టరులో పేజీలకు అంకెలుంటాయి. ఒకసారి నంబరు పడ్డ కాగితాన్ని చింపడానికి ఉండదు. తపాలు చూసే ముసలాయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"సూపరింటెండెంటు సంతకం లేదే అమ్మాయ్."

"రోడ్డున పోయే మనిషి ఫిర్యాదు తెస్తే తీసుకుంటారా, తీసుకోరా బాబాయ్‌గారూ?"

"తీసుకోవాల్సిందే."

"నేనూ ఆ మనిషినే అనుకుని తీసుకోండి."

ఆయన మెల్లగా, వేలు పెట్టుకుని, కిందిదాకా చదివాడు. వేలు చివరి వరస దగ్గర ఆగింది. "ఇదేంటి? నీకు నువ్వే కొట్టేసుకున్నావు?"

"అందరికీ ఇంతే బాబాయ్‌గారూ."

ముసలాయన రిజిస్టరు తిప్పి, నంబరు వేసి, ముద్ర కొట్టాడు. ఆ చప్పుడు వరండా దాకా వినపడింది. నకలు మీద కూడా కొట్టి చేతికిచ్చాడు.

పదకొండింటికి టెండరు తెరవలేదు. వాయిదా అని బోర్డు మీద కాగితం అంటించారు. సూపరింటెండెంటు ఆమె బల్ల దగ్గరకే వచ్చాడు. అంత దూరం ఆయన నడిచి రావడం అదే మొదటిసారి.

"నువ్వు చచ్చేది కాక మమ్మల్ని కూడా చంపుతావా?"

"సోమవారం లారీలావిడకి గీత కొట్టమన్నారు, కొట్టాను. ఇది కూడా అదే పెన్నుతో కొట్టాను సార్."

"నోరెక్కువైంది నీకు. ముద్ర ఇటివ్వు. సొరుగు తాళం ఇటివ్వు."

ఇచ్చేసింది. ఆయన ముద్ర పట్టుకుపోయాడు. బల్ల మీద ముద్ర ఉండే చోట ఊదారంగు గుండ్రటి మరక మిగిలింది.

పన్నెండున్నరకు అన్నం డబ్బా తెరవగానే కొడుకు ఫోను.

"తృప్తిగా ఉందా?" అన్నాడు. "అందరి ముందూ తాళాలు లాక్కున్నారు. మీ అమ్మకు చెప్పు, ఇంట్లో కూర్చోబెట్టుకోమని చేతిసంచీ అన్నాడు. అందరూ నవ్వారు. మూడు నెలలు కష్టపడి పేరు తెచ్చుకున్నా. ఒక్క పూటలో పోగొట్టావు. ఏం తల్లివి నువ్వు?"

"ఎక్కడున్నావు నాన్నా?"

"అడ్డాలో. ఎక్కడుంటా?"

"నేల మీదే ఉన్నావా?"

"నేల మీదే ఉన్నా! బండి లేకపోతే ఇంకెక్కడుంటా?"

ఆమె కళ్ళు మూసుకుంది. తిట్టనీ. సాయంత్రం దాకా తిట్టనీ. అతను తిడుతూనే ఉన్నాడు. ఆమె ఒక్క మాట కూడా వదలకుండా వింటూ ముద్ద కలిపింది. మూడు నెలలుగా ఈ డబ్బాలో సగం అన్నం ఇంటికి తిరిగి వెళ్తోంది. ముద్ద నోటి దాకా వచ్చాక అడిగింది.

"బండి ఆపేశారా మరి?"

"ఎందుకాపుతారు? ఇంకొకడు ఎక్కాడు. లోడుతో వెళ్ళిపోయింది. పావుగంటయింది."

"ఎవరతను?"

"నాకేం తెలుసు? కొత్తవాడు. పొద్దున్నే చేరాడు. నీ కొడుకు దిగాడుగా, నీకింకెందుకు?"

ముద్ద డబ్బాలో పడింది. ఇందాక కళ్ళు మూసుకున్నప్పుడు లోపల ఏమనుకుందో ఆమెకు తెలుసు. అమ్మయ్య అనుకుంది. ఆ బండిలో ఎవరూ లేరన్నట్టు అనుకుంది.

చెయ్యి కడుక్కోకుండానే లేచింది. గోడ మీద చెక్‌పోస్టుల ఫోను నంబర్ల పట్టిక ఉంది. ప్రతి ఏడూ తనే గుండ్రటి అక్షరాలతో తిరగరాసి అంటించేది. కొండ మీది గేటు నంబరు మూడోది. సూపరింటెండెంటు బల్ల మీది ఫోనెత్తింది. ఆయన ఏదో అనబోయాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. ఆమె బండి నంబరు చెప్పింది.

"ఆఁ, ఇప్పుడే వచ్చి ఆగింది. గేటు సగం ఎత్తాను. ఏం?"

"ఇంక ఎత్తకండి. దానికి బ్రేకు సరిగ్గా లేదు. ఫిట్‌నెస్ ఎప్పుడూ చెయ్యలేదు."

"అదేంటండీ, కాగితాలన్నీ ఉన్నాయే." కాగితం మడత విప్పుతున్న చప్పుడు. "కింద ముద్ర కూడా ఉంది. అసలుతో సరిచూశాను అని. సంతకం కూడా పెట్టారు. ఇంతకీ మీరెవరు?"

మెతుకులంటిన వేళ్ళతో ఆమె ఫోను గట్టిగా పట్టుకుంది.

"ఆ సంతకం నాదే," అంది. "నేను చూడలేదు. గేటు దించండి."

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఇంజను చప్పుడు కాసేపు వినపడింది. ఆ తర్వాత గేటు దించుతున్న గొలుసు ఇనప చప్పుడు.